అంచులో తప్పు

"మళ్ళీ అదే మూల, మళ్ళీ అదే తప్పు! నీ చేతులకి సిగ్గు లేకపోతే నా కళ్ళకైనా ఉండాలి కదే!"

కోతలైపోయాక ఇంకారాజుగారి కొట్ల తరఫున బట్టలు చూసి తీసుకెళ్ళడానికి వచ్చే అస్తో తాతకి, ఏటా చుంపి నేసిన అంగీ చేతికి రాగానే ఇదే పాట. నలుపు తెలుపు గళ్ళ అంగీ, మెడ చుట్టూ ఎరుపు. సైన్యానికి వెళ్ళే అంగీలన్నీ అలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. చుంపి అంగీలో మాత్రం ఎడమ పక్క కింది అంచున, నల్ల పేక పోవాల్సిన చోట ఒక ఎర్ర పోగు దూరి ఉంటుంది. వేలెడంత కూడా ఉండదు. మామూలు కంటికి కనబడదు. అస్తో తాతది మామూలు కన్ను కాదు, అదే చుంపి ఖర్మ.

"చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి తాతా," అంటుంది చుంపి తల వంచుకుని.

"ఏటా సరిగ్గా ఆ మూలకి వచ్చేసరికే కొంకర్లు పోతాయా? మిగతాదంతా నేసేటప్పుడు ఎండ కాసిందా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కుమంటారు. చుంపి కూడా శాలువా చాటున నవ్వుకుంటుంది. తాత గొణుక్కుంటూనే అంగీ మడిచి మూటలో పడేస్తాడు. తిప్పికొడితే మళ్ళీ ఉన్ని ఇవ్వాలి, మళ్ళీ తనే ఈ కొండెక్కి రావాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అంతమాత్రం దయ తప్పదు లెండి.

అది తప్పు కాదని ఊళ్ళో చుంపి ఒక్కదానికే తెలుసు.

మొట్టమొదటిసారి మాత్రం నిజంగా తప్పే. పెళ్ళైన కొత్త. పెళ్ళి చేసుకున్న జంటకి ఊరు కొలిచి ఇచ్చే చేనుని తుపు అంటారు. ఆడవాళ్ళు శాలువా జారకుండా భుజం దగ్గర గుచ్చుకునే పెద్ద సూదినీ తుపు అనే అంటారు. "నీకేం తక్కువే? ఒక తుపు భుజాన పెట్టాను, ఒక తుపు కొండన పెట్టాను," అని పది మందిలో కోతలు కోసేవాడు మొగుడు రిమాచి. రిమాచి అంటేనే మాట్లాడించేవాడు అని అర్థం. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఎదుటివాళ్ళని మాట్లాడించడం అటుంచి, తను నోరు మూసిన క్షణం ఉండేది కాదు. ఓ పొద్దున చుంపి నడుముకి మగ్గం బిగించుకుని రాజుగారి అంగీ నేస్తూ ఉంటే, పక్కన కూర్చుని దుంపలు ఒలుస్తూ, ఊరిపెద్ద బరువులు మోసే లామా ఎక్కబోయి జారి పడిన వైనం చెప్పాడు. చెప్పడమేమిటి, పడి చూపించాడు. చుంపి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ నల్ల పోగు బదులు ఎర్ర పోగు తోసేసింది. చూసుకునేసరికి దాని మీద బోలెడంత నేత పడిపోయింది.

"అయ్యో, నా పని అయిపోయింది! విప్పాలంటే సగం అంగీ విప్పాలి," అని ఏడుపు మొహం పెట్టింది.

రిమాచి ఆ మూల చేతిలోకి తీసుకుని చూశాడు. "విప్పకు. ఇది ఉంటేనే నయం. రాజుగారి కొట్లో కొండంత గుట్ట పోసినా నీ అంగీ ఏదో ఇట్టే లాగి చూపిస్తాను."

"చూపిస్తావులే, పెద్ద మొనగాడివి!"

"పందెం కడతావా?"

పందెం తేలలేదు. ఆ తర్వాతి చలికాలంలోనే రిమాచి వంతు వచ్చింది. ఉత్తరాన యుద్ధం, సైన్యానికి మొక్కజొన్న మూటలు మోసేవాళ్ళు కావాలన్నారు. అందులో బెంగపడాల్సిందేం లేదు, వంతు పని ఎవరికి తప్పింది? వెళ్ళినవాడికి రాజు కొట్టు తిండి పెడుతుంది, బట్ట ఇస్తుంది. వాడి చేను ఊరు దున్ని పెడుతుంది. పంటో రెండు పంటలో అయ్యాక ఇంటికొస్తాడు, తెచ్చుకున్న కబుర్లతో జనాన్ని చంపుకు తింటాడు. చుంపి ధైర్యంగానే సాగనంపింది. దారి మలుపు దగ్గర రిమాచి వెనక్కి తిరిగి, తన అంగీ ఎడమ అంచు పట్టుకుని పైకెత్తి, ఆ మూలని గాల్లో ఊపి చూపించాడు. నువ్వు నేసిన తప్పు ఎక్కడున్నా పట్టేస్తాను అన్నట్టు. చుంపి నవ్వింది. మలుపు తిరిగాక ఏడిచింది.

ఇంకారాజు పనికి వెళ్ళినవాడు ఇంకా రాలేదు.

ఆయనతో వెళ్ళినవాళ్ళలో కొందరు వచ్చారు. యుద్ధం ముందుకి జరిగిందని, రిమాచిని ఇంకా పైకి తీసుకెళ్ళారని చెప్పారు. ఆ తర్వాత చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు. ఆ ఏడు ఉన్ని మూట ఇంటికొచ్చినప్పుడు చుంపికి తట్టింది. తను నేసిన అంగీ రాజు కొట్టుకి పోతుంది. కొట్టు నుంచి కొట్టుకి లామాల మీద సైన్యం దాకా పోతుంది. అన్ని వేల ఒళ్ళ మీదకి ఎక్కే బట్ట ఆయన ఒంటి మీదకి ఒక్కసారి ఎందుకు ఎక్కకూడదు? ఎడమ మూలకి రాగానే ఎర్ర పోగు తీసి, ఈసారి కావాలనే తోసింది. తోస్తూ ఉంటే పెళ్ళైన కొత్తలో లాగే ఒళ్ళంతా వెచ్చబడింది. అప్పటి నుంచి ఏటా అంతే. ఏడాది పొడుగునా ఎన్ని పనులు చేసినా, ఆ మూల నేసిన పూటే ఆయనతో మాట్లాడినట్టు ఉండేది.

ఆ పోగుకి చుంపి చాలానే చెల్లించుకుంది. మగవాడి పేరున్న ఇల్లంటే ఊరికే కాదు. ఉన్ని తీసుకుని అంగీ నేసి ఇవ్వాలి. సూర్యుడి గుడి చేల్లో పని చెయ్యాలి, దారిలో ఉన్న సత్రానికి కట్టెలు మొయ్యాలి. మొగుడు పోయిన ఆడదానికైతే ఇవేవీ లేవు. ఊరే ముందుగా వచ్చి చేను దున్నిపోతుంది. కావాలంటే మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. రిమాచి చెల్లెలు తమ్యా పక్కిల్లే. మంచి మనిషి, నోరే కొంచెం పెద్దది.

"వదినా, నీకిదేం పిచ్చి? మా అన్న కాడా, నాకు లేదా బాధ? ఎన్నాళ్ళిలా అడివి గాడ్పులో ఒంటి స్తంభంలా నిలబడతావు? రాజు లెక్కలప్పుడు పోయినవాళ్ళ పెళ్ళాల వరసలో కూర్చుంటే హాయిగా ఓ మూల పడి ఉండొచ్చు."

"పోయాడని నీకెవరు చెప్పారు?"

"ఉన్నాడని నీకెవరు చెప్పారు?"

"నోర్ముయ్యి, దుంపలు మాడుతున్నాయి చూసుకో."

దుక్కుల కాలం వస్తే మాత్రం చుంపి మొహం వేరేగా ఉండేది. ఊరి పైన రాతి గుండు ఎక్కి, పొద్దు వాలే వేళకి దండోరా మనిషి రేపు ఎవరి చేను దున్నాలో కేకేస్తాడు. దిక్కులేనివాళ్ళ చేలు ముందు, ఉన్నవాళ్ళవి తర్వాత. "రేపు రిమాచి చేను! ఊళ్ళో లేని రిమాచి చేనో...!" ఏడాది మొత్తానికి ఆయన పేరు ఊరంతా వినేలా పలికేది ఆ ఒక్క సాయంత్రమే. పొయ్యి మీద కుండ అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఎదుటి కొండ ఆ పేరుని తిరిగి అనేది కదా, అది కూడా విన్నాకే లోపలికి వెళ్ళేది. తెల్లారి మగవాళ్ళు వరసగా తొక్కుడు నాగళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తుంటే, ఎదురుగా ఆడవాళ్ళు పెళ్ళలు తిరగేస్తుంటే, ఇంటాయన నిలబడాల్సిన చివరి చోటు ఖాళీగా ఉంచేవాళ్ళు. చుంపి ఆ ఖాళీకి ఎదురుగా కూర్చుని పెళ్ళలు తిరగేసేది. అందరికీ మొక్కజొన్న కల్లు పోస్తూ ముందుగా ఆ చోట నేల మీద కాసింత వంచేది.

ఇలా జరిగినన్నాళ్ళు జరిగింది. ఆ ఏడు అస్తో తాత తిట్టి వెళ్ళాక ఊరిపెద్ద ఆమెని పిలిచాడు.

"అమ్మా చుంపీ, నిన్ను నొప్పించాలని కాదు. వచ్చే కోతల వేళకి తలలు లెక్కపెట్టడానికి రాజు మనిషి వస్తాడు, ఊరంతా వరసల్లో కూర్చోవాలి. మీ ఇంటి పేరున ఒక మగవాడి వంతు అడుగుతారు. పేరుంది, మనిషి లేడు. ఆ వంతుకి మీ తమ్యా కొడుకుని రెండుసార్లు పంపాను. వాడి మొహం నేను చూడలేకపోతున్నాను. ఈసారి నువ్వు మొగుడు పోయినవాళ్ళ వరసలో కూర్చో."

తమ్యా ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తి పొడవలేదు. అంత నోరున్నది, అది మాత్రం కడుపులో దాచుకుంది.

"కూర్చోకపోతే?"

"నేనే చెయ్యి పట్టి కూర్చోబెడతాను తల్లీ. ఇంక నా వల్ల కాదు."

ఇంటికొచ్చి ఉన్ని మూట ముందర కూర్చుంది. వచ్చే కోతలకి నెయ్యాల్సిన ఉన్ని అప్పటికే ఇచ్చి వెళ్ళారు. ఇదే ఆఖరుది. వరస మారితే ఇక ఉన్ని రాదు. ఉన్ని లేకపోతే అంగీ లేదు, ఎర్ర పోగు లేదు. ఇక్కడ నీ మనిషి ఉంది సుమా అని ఆయనకి చెప్పే దారి ఇంకోటి ఏముంది? రాజు మాట లేకుండా ఊరు విడిచి వంతెన దాటబోతే కాపలావాళ్ళు వెనక్కి తోలేస్తారు. ఈ ఆఖరి అంగీ అయినా ఆయనకి చేరాలని కొండలన్నిటికీ మొక్కింది.

దుక్కులకి ముందు, గాలి కోసేస్తున్న రోజుల్లో, సత్రానికి కట్టెలు తీసుకెళ్ళింది. లోపల ఒక మోతగాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పేరు యౌరి. ఉత్తరాన మోకాలు విరిగి పనికి రాకుండా పోతే, కనుమ అవతల ఉన్న తన ఊరికి పొమ్మన్నారట. చుంపిని చూసి బతిమాలాడు.

"తల్లీ, సూదీ దారం ఉంటే ఈ అంచు కాస్త కుట్టి పెట్టవా? చలంతా ఇందులోంచే దూరుతోంది."

"ఇలా ఇవ్వు, కుట్టకపోతే పోయేలా ఉన్నావు," అంటూ చుంపి అతను విప్పిచ్చిన అంగీ ఒళ్ళో వేసుకుంది. నలుపు తెలుపు గళ్ళు, మెడ చుట్టూ ఎరుపు. ఎడమ పక్క కింది అంచు చిరిగి ఉంది. చిరుగు చివర, నల్ల నేతలో ఇరుక్కుపోయి, గోరంత ఎర్ర పీచు.

చుంపి చెయ్యి ఆగిపోయింది. తన చేతి నేత తనకి తెలీదా?

"ఇది నీకెక్కడిది?"

"ఎక్కడిదేంటి, అక్కడి కొట్లో ఇచ్చారు. కొత్తది. నా అదృష్టం అనుకున్నానా, ఆ అంచుల పిచ్చోడు నా ప్రాణం తీశాడు."

"ఎవరు?"

"ఉన్నాడమ్మా ఒకడు. ఎక్కణ్ణించైనా కొత్త అంగీలు దిగాయంటే చాలు, అందరి అంచులూ తిప్పి తిప్పి చూస్తాడు. మేమందరం అంచుల పిచ్చోడనే పిలుస్తాం. వాగుడుకాయ. అంత వాగేవాడు నా అంగీ చూసి నోరు మూశాడు. రెండ్రోజులు నా వెంట తిరిగాడు, మార్చుకుందాం మార్చుకుందాం అని. వాడిదేమో చిల్లుల బొంత. నాది కొత్తది. ఎవడిస్తాడు?"

"ఇవ్వలేదా?" చుంపి ఆ అంచుని గుప్పిట పట్టుకుంది. "ఎందుకివ్వలేదయ్యా?"

"చలి తల్లీ! మంచు పడే చోట అంగీ ఎవడిస్తాడు?" అన్నాడు యౌరి. "చివరికి ఒక్కసారి ముట్టుకుంటానన్నాడు. సరే చూసుకో అన్నాను. ముట్టుకుంటానని చెప్పి ఆ మూలలోంచి ఎర్ర పోగు లాగేసుకున్నాడు, దొంగ వెధవ! ఆ చిరుగు వాడి పుణ్యమే. కొడదామని లేచాను. పోగుని మణికట్టుకి చుట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఏం కొడతాం?"

చుంపి అంగీని గుండెకి అదిమి పట్టుకుంది. బతికి ఉన్నాడు. ఏటా వెతికాడు. దొరికింది. ఇన్నేళ్ళ మాటా చేరింది. యౌరి ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా నవ్వింది, ఏడిచింది.

"అయితే వస్తాడా? ఎప్పుడు వస్తాడు?"

ఆ ఏడుపు చూశాక యౌరికి అర్థమైంది. గొంతు తగ్గించాడు. "రాడమ్మా. ఆ చుట్టుపక్కల గెలిచిన నేలలో మమ్మల్ని చాలామందిని అక్కడే కాపురం పెట్టించారు. ఊళ్ళో నాకు పెళ్ళాం ఉందని మొత్తుకున్నాడు. ఊరు ఏ కొండల వెనకో ఉంటే ఎవడు వింటాడు? చేను ఇచ్చారు, ఓ పిల్లనిచ్చి పెళ్ళీ చేశారు. ఇద్దరు పిల్లలు. మంచి పిల్లే, ఆ పిల్లది మాత్రం ఏం తప్పు? వీడే చేలో నిలబడి ఉన్నపళంగా పని ఆపి దారి కేసి చూస్తాడు. దుక్కి ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. వాడి వరసవాళ్ళు తిడుతుంటారు."

చాలాసేపటి తర్వాత చుంపి సూదిలో నల్ల దారం ఎక్కించి చిరుగు కుట్టింది. పోగు పోయిన చోటు ఎక్కడో కనబడకుండా కుట్టింది. దారిలో తినమని వేయించిన మొక్కజొన్న గింజలు మూట కట్టి ఇచ్చింది. ఆ అంగీ నాకివ్వు అని నోటి చివరి దాకా వచ్చింది. అడగలేదు. కనుమ మీద ఇంకా చలి.

తమ్యాతో చెప్పకుండా ఉండలేకపోయింది. తమ్యా నెత్తి బాదుకుంది.

"అన్న బతికున్నాడా! వదినా, మనం ఊరిపెద్ద కాళ్ళు పట్టుకుందాం. నిన్నైనా అక్కడికి పంపమందాం."

"పంపితే? అక్కడున్న పిల్ల ఎక్కడికి పోతుందే? ఇద్దరు పిల్లలట."

"మరి నువ్వో? నీ గతేంటి? ఇన్నేళ్ళూ ఎవరి కోసం చచ్చావు?"

"ఆయన కోసమే. నాకు ఆయన కావాలే తమ్యా. ఇప్పటికీ కావాలి. గొడ్డలితో నరికినట్టుంది నాకు. కానీ అక్కడ చేలో నిలబడి దారి కేసి చూస్తున్నాడట. నేను పంపే పోగే ఆ చూపు ఆపనివ్వడం లేదు." కళ్ళు తుడుచుకుంది. "నీ కొడుకు రెండుసార్లు వెళ్ళాడట కదా. ఎందుకు చెప్పలేదు?"

తమ్యా వదిన శాలువా సర్ది, భుజం దగ్గర తుపు సరిగా గుచ్చి, పక్కన కూర్చుంది.

ఆ ఏడు కూడా దండోరా మనిషి రాతి గుండెక్కి "ఊళ్ళో లేని రిమాచి చేనో!" అని కేకేశాడు. ఆ కేక మళ్ళీ వినబోనని చుంపికి తెలుసు. ఎదుటి కొండ తిరిగి అన్నాక కూడా చలిలో చాలాసేపు నిలబడింది, మరోసారి అంటుందేమోనని.

తర్వాత నడుముకి మగ్గం బిగించుకుంది. ఎడమ మూలకి వచ్చిన రోజు ఎర్ర పోగు తీసి మణికట్టుకి చుట్టుకుని చూసుకుంది. ఆ పూటంతా నేత సాగలేదు.

కోతల వేళ రాజు మనిషి వచ్చాడు. ఊరంతా మైదానంలో వరసల్లో కూర్చుంటోంది. ఊరిపెద్ద చుంపి దగ్గరికి రాబోతూ ఆగిపోయాడు. చెయ్యి పట్టే పని లేకుండానే ఆమె నడిచి వెళ్ళి మొగుడు పోయినవాళ్ళ వరసలో, ఓ ముసలమ్మ పక్కన కూర్చుంది. ముసలమ్మ జరిగి చోటిచ్చింది. అక్కడ బతికున్నవాడు ఇక్కడ పోవాలి, అప్పుడే తమ్యా కొడుకు ఇంట్లో ఉంటాడు. రాజు మనిషి అడిగితే, "అవును, పోయాడు," అంది చుంపి. ఆ మాట అన్నాక ఆ రోజంతా ముద్ద ముట్టలేదు.

నాలుగు రోజులకి అస్తో తాత ఆయాసపడుతూ కొండెక్కి వచ్చాడు. ఒక్కొక్క అంగీ తిప్పి చూస్తూ మూట కడుతున్నాడు. చుంపి అంగీ అందుకోగానే తిట్టడానికి గొంతు సవరించుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తాత ఎడమ మూల వెలుగు కేసి పట్టాడు. కళ్ళు చికిలించాడు. అంగీ తిరగేసి లోపలి వైపు చూశాడు. మళ్ళీ పై వైపు చూశాడు.

"ఓసి నీ! లేదే!"

అందరూ ముందుకి వంగారు.

"చూశారటే! మొత్తానికి నేర్చుకుంది! ఇన్నేళ్ళ నా తిట్లు ఊరికే పోలేదు. ఒక్క తప్పు లేదు, రాజుగారే తొడుక్కోవచ్చు!" తాత మొహం వెలిగిపోతోంది. ఆ అంగీని అందరికీ ఎత్తి చూపించాడు.

చుంపి నవ్వబోయింది. నవ్వు రాలేదు. మొహం రెండు చేతుల్లో దాచుకుని, ఊరందరి ముందూ నేల మీద కూలబడి, గొంతెత్తి ఏడిచింది. తమ్యా పరుగున వచ్చి ఆమెని ఒళ్ళోకి లాక్కుంది.

అస్తో తాత అంగీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఇదేం మనిషమ్మా! తిట్టినన్నాళ్ళూ నవ్వింది, మెచ్చుకుంటే ఏడుస్తోంది."